తండ్రి నంబరు

అబద్ధం రాశానంటారేంటి మేడమ్? 'రాంగ్ నంబర్' అని రాశాను, అంతేగా! రోజుకి నూట ఇరవై ఫోన్లు చేస్తాం. ఒక్కటి తప్పు పడకూడదా?

ఓహో, రికార్డింగ్ విన్నారా. ఇక బుకాయించి లాభమేముందిలెండి. నంబరు ఆ పిల్లదే. ఇరవై మూడేళ్లు. నర్సింగ్ చదువుకి లోను, నాలుగు కిస్తీలు బాకీ. నేను కంపెనీ పేరు చెప్పగానే ఏమందో విన్నారుగా? "అక్కా, నాన్నకి మాత్రం చెప్పకండి" అంది. అక్కా అట! వసూలు చేయడానికొచ్చినదాన్ని పట్టుకుని అక్కా అంటుంది, వెర్రిబాగుల్ది.

రూలు తెలీక కాదు. నాలుగు కిస్తీలు తప్పితే, అబ్బాయిలైతే ఆఫీసుకి ఫోన్, అమ్మాయిలైతే నాన్నకి. నా సీటుకెదురుగానే అంటించారు కదా. మగపిల్లాడి పరువు ఉద్యోగంలో ఉంటుంది. ఆడపిల్ల పరువు మాత్రం ఎప్పుడూ ఇంకొకరి జేబులోనే.

జాలా? జాలిపడేంత జీతం నాకెక్కడిది మేడమ్!

నాకూ లోనుంది. మీకు తెలీదులెండి, ఎవరికీ చెప్పలేదు. అన్నయ్యా నేనూ ఒకే కాలేజీలో చదివాం. వాడి ఫీజు ఇంటి ఖర్చు, నా ఫీజు నా అప్పు. "సంతకం నువ్వే పెట్టమ్మా, నీ కాళ్ల మీద నువ్వు నిలబడాలి కదా" అన్నాడు నాన్న. నిలబడ్డాను. అయిదేళ్లుగా ఒంటికాలి మీద. అన్నయ్య ఇంకా తన చదువుకి తగ్గ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.

అప్పున్నవాళ్లకి నోరు పెగలదు మేడమ్. మూడేళ్లయింది, ఒక్కసారైనా జీతం పెంచమన్నానా? పక్క సీటాయన ఆర్నెల్లకోసారి అడుగుతాడు, పెంచుకుంటాడు. నాకేమో ఈ కుర్చీలో కూర్చోనివ్వడమే మహాభాగ్యం అనిపిస్తుంది.

చెప్పులు కొనుక్కుంటే సంచి అడుగున దాచి ఇంటికి తెస్తాను. నా డబ్బుతో నేను కొన్న చెప్పులు! జీతం పడిందని మెసేజ్ వస్తే ఎవరూ చూడకుండా ఫోన్ బోర్లా పెట్టేస్తాను. మొన్న నా స్నేహితురాలు "నెలకింతని దాచుకుందామే" అంది. పగలబడి నవ్వాను. చిల్లుకుండలో నీళ్లు దాచమంటే నవ్వక ఏం చేస్తాం? "ముప్ఫయ్యేళ్లకి ఎలా ఉండాలనుకుంటున్నావే?" అనడిగింది. తొంభై ఆరో కిస్తీ కడుతూ ఉంటానన్నాను. జోకనుకుంది, పాపం.

నేనూ ఒకసారి కిస్తీలు తప్పాను. అమ్మకి ఆపరేషనైన ఏడాది. మా బ్యాంకువాళ్లు నాన్నకి ఫోన్ చేశారు.

తిట్టలేదండీ. తిట్టినా బావుండేది. అందరం అన్నం తింటుంటే, నా వైపు చూడకుండా అన్నయ్యతో అన్నాడు, "ఇకనుంచి డబ్బు విషయాలు దానికి చెప్పకురా. దానికి చేతకాదు."

ఆ రోజు నుంచి కరెంటు బిల్లు ఎంతొచ్చిందో కూడా నా ముందు మాట్లాడుకోరు. కట్టేది నా జీతంలోంచే! నాకే అనుమానమొచ్చేసింది, నిజంగానే చేతకాదేమోనని. ఇప్పటికీ చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుంటాను. నాన్న ఆ మాటన్న మర్నాడే చెవికమ్మలు అమ్మి బాకీ మొత్తం కట్టేశాను.

అదేనండీ అసలు సంగతి. కట్టేశాను! ఆ ఫోన్ అంత బాగా పనిచేసింది కాబట్టే, ఇక్కడ చేరిన మొదటి నెలలోనే పాత మేనేజరుగారికి చెప్పాను, "సార్, అమ్మాయిలకి ఆఫీసంటే భయముండదు. నాన్నకి చేసి చూడండి" అని. అప్పటికి మీరింకా రాలేదు. వసూళ్లు రెట్టింపయ్యాయి. ఆ గోడ మీద అంటించిన కాగితం నా చేత్తో టైపు చేసిందే. బోనసిచ్చారు. దాంతో రెండు కిస్తీలు కట్టుకున్నాను.

అలా చూడకండి మేడమ్. మీ ప్రమోషను కూడా ఆ వసూళ్లలోంచే వచ్చింది.

ఇప్పుడేంటి, మెమో రాస్తారా? ఉద్యోగం ఊడితే నాలుగో నెలకి ఇలాంటి గదిలోనే, ఎవత్తె ముందో, నా పేరూ తెర మీద వెలుగుతుంది. ఆ ఫోనూ రూలు ప్రకారమే పోతుంది. మా నాన్న మళ్లీ ఫోనెత్తుతాడు.

వద్దులెండి. ఆ మెమో కాగితం లోపల పెట్టేయండి. ఆ పిల్ల నాన్న నంబరు చదవండి, నేనే చేస్తాను.

ఊఁ... ఊఁ... చివర్న రెండు ఏడులా?

రింగవుతోంది.

"హలో, నమస్కారమండీ. మీ అమ్మాయి గురించి ఒక్క నిమిషం మాట్లాడాలి."