గెంజో సీసా

గెంజో ఎంత పెద్ద కోత కొయ్యబోతున్నా, మొదలుపెట్టేది మాత్రం చిటికెడంత మాటతోనే. ఆ రోజూ అంతే. టీ గిన్నె రెండు చేతులా పట్టుకుని, తల వంచుకుని, "నాదేముంది, వాళ్ళు అడిగారు, నేనొక సీసాడు ఒంటేలు పోసిచ్చాను, అంతేగా," అన్నాడు. ఆ అణకువ చూడగానే కినుయెకి గుండె జారిపోయింది. ఈయన ఇంత అణిగిమణిగి మొదలుపెట్టాడంటే కొండలు దాటిగానీ ఆగడని ఆమెకి తెలుసు.

జనవరి నెల, పొద్దున పది గంటల టీ వేళ. లోపల సెగ పెట్టి పైన దుప్పటి కప్పిన పొట్టి బల్ల చుట్టూ నలుగురూ కాళ్ళు దూర్చుకుని కూర్చున్నారు. ఇల్లు గెంజోది. ఎనభై ఒక్కేళ్ళు వచ్చినా గొంతులో బిగువు తగ్గలేదు. ఆయనకి ఎదురుగా మంగలి హెయిసకు, ఒక పక్క కినుయె, ఆమె పక్కన ఆమె పెనిమిటి యసుజి. గెంజో భార్య తొమి వంటింట్లో నీళ్ళు కాస్తోంది. బల్ల మధ్యన పెద్ద పళ్ళెం నిండా ఉప్పులో ఊరిన నొజవానా ఆకు, బయటి తొట్టిలోంచి అప్పుడే తీసింది, అంచులకి ఇంకా మంచు పలుకులు అంటుకునే ఉన్నాయి. అందరికంటే ఎక్కువ తింటున్నది యసుజి.

దుప్పటి కింద యసుజి పాదం కినుయె పాదానికి తగిలింది. వాచి, మెత్తగా, పిండిముద్దలా ఉంది. మూత్రపిండాలు బాగా అలిసిపోయాయి, ఉప్పు మానెయ్యాలి, రేపు తప్పకుండా పరీక్షకి రావాలి అని పట్నంలో డాక్టరు మరీ మరీ చెప్పాడు. యసుజి రానంటే రానన్నాడు. గెంజో వెళుతున్నాడా ఆసుపత్రికి, నన్నెందుకు వెళ్ళమంటావు అని ఎదురు ప్రశ్న. అందుకని కినుయె ముందురోజే ఒంటరిగా వచ్చి గెంజోని బతిమాలుకుంది. ఆయనకి మీరంటే గురి, వెళ్ళి చూపించుకుని రా అని ఒక్క ముక్క అనండి చాలు అంది. గెంజో గుండె మీద చెయ్యేసుకుని సరేనన్నాడు. ఆ ఒక్క ముక్క కోసమే ఆమె ఇప్పుడు ఇక్కడ కూర్చుంది.

గెంజో మాత్రం సీసా దగ్గరే ఉన్నాడు. మూడేళ్ళ కిందట విశ్వవిద్యాలయం వాళ్ళొచ్చి వాడలో నలభై మందికి నలభై సీసాలిచ్చారు కదా, ఒక పగలూ ఒక రాత్రీ ఒంటేలంతా అందులోనే పట్టమన్నారు కదా, ఎవరెంత ఉప్పు తింటున్నారో దాన్నిబట్టి తెలుస్తుందన్నారు కదా. తిన్నవన్నీ కాగితం మీద రాయమంటే తను దాచకుండా రాశాడు, పూటకో పళ్ళెం ఊరాకని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సీసాలో చూస్తే ఉప్పు లేదు. ప్రొఫెసరు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. లేదు. యంత్రం చెడిందేమోనని ఇంకో యంత్రం తెప్పించాడు. అదీ లేదనే చెప్పింది.

ఇక్కడిదాకా పెద్ద అబద్ధం లేదు. ఫలితం రాసిన చీటీ గెంజోకి వచ్చినమాట నిజం, అందులో ఉప్పు తక్కువని ఉన్నమాటా నిజమే. ఆ చీటీ పట్టుకుని ఆయన హెయిసకు మంగలి కొట్లో కూర్చున్నప్పుడు, క్షవరానికి వచ్చిన విలేకరి ఒకడు విన్నాడు. మర్నాడు జిల్లా పేపర్లో ఒక మూల, ఊరాకు ఉప్పు ఒంట్లో నిలవదా అని వేశారు, చివర ప్రశ్నగుర్తు పెట్టి. టీవీ వాళ్ళొచ్చి గెంజో చేత పదకొండుసార్లు ఊరాకు నమిలించి, నిలవదు అని చెప్పారు, ప్రశ్నగుర్తు తీసేసి. అది ఫోన్లలోకి ఎక్కేసరికి, ఊరాకు నీళ్ళు మూడు రోజులు తాగితే మూత్రపిండాలు కడిగినట్టవుతాయి, ప్రొఫెసర్లు నిరూపించారు, మీవాళ్ళలో పదిమందికి పంపండి అయింది. దాంతోపాటు గెంజో బొమ్మ, ఎవరిదో కండలు తిరిగిన ఒంటి మీద గెంజో తల. ఒక మాట చేతులు మారుతుంటే ఇంతగా ఎలా ఎదుగుతుందో, ఎన్నిసార్లు తలుచుకున్నా కినుయెకి వింతగానే ఉంటుంది. నీళ్ళు పోసేవాళ్ళు లేకుండానే ఎదుగుతుంది.

ఆ మాట వచ్చిన రోజు నుంచీ యసుజి మారిపోయాడు. ఇరవై ఏళ్ళుగా ఆమె కాచిన పలచని మిసో చారు నోరెత్తకుండా తాగినవాడు, గిన్నె పక్కకి నెట్టి, సైన్సు మారిపోయిందే, నీకింకా తెలియలేదు అన్నాడు.

"ఒక్క యంత్రంతో తేలే వ్యవహారమా అది," అని గెంజో గొంతు పెంచాడు. ఆ సీసాని ప్రొఫెసరు చల్లటి అరలో దాచాడట. వారం తర్వాత తలుపు తీస్తే, దాని పక్కనున్న సీసాల్లో కూడా ఉప్పు తగ్గిపోయి ఉందట.

హెయిసకు ఆకు నములుతూ అడిగాడు. "నా సీసా కూడా అక్కడే ఉందిగా పెద్దాయనా. నాకు రక్తపోటెందుకు తగ్గలేదు?"

"నీది కింది అరలో పెట్టారు," అన్నాడు గెంజో, తడుముకోకుండా.

ఇంకెక్కడి ఆపడం. పరీక్షలయ్యాక అడుగున మిగిలింది పారబొయ్యడానికి మనసొప్పక, విశ్వవిద్యాలయం పెరట్లో ఎండిపోయిన ఖాకీ పళ్ళ చెట్టుకి పోశారట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదిహేనేళ్ళుగా కాయని చెట్టు, మంచులో, ఆకైనా వెయ్యకుండా పళ్ళే కాసింది. ఆ పండు తిన్న కాపలావాడు కళ్ళజోడు అవతల పడేశాడు. పరదేశాల నుంచి ప్రొఫెసర్లు దిగి, రైల్వేస్టేషను నుంచి గెంజో గుమ్మం దాకా బారులు తీరి, ఒకరి వెనక ఒకరు వంగి దండం పెట్టి, ఒక్క చుక్క, ఒక్క చుక్క అని అడిగారు. ఎవరికని ఇస్తాడు. వయసు మీదపడ్డవాడు, ఎంతని తాగుతాడు నీళ్ళు.

"ఇదంతా ఎప్పుడు జరిగింది, నాకు స్టేషను పక్కనే కొట్టు," అన్నాడు హెయిసకు.

"నువ్వు కొట్టు కట్టేసిన రోజు."

పోయిన ఆగస్టులో గెంజోని కుట్టిన దోమ ఒకటి ఇప్పటికీ బతికే ఉందట. ఈ చలిలో, ఈ మంచులో, మనవలూ మునిమనవలతో చూరు కింద కాపురముంది. పొద్దున్నే గెంజో తలుపు తీస్తే దిగివచ్చి చుట్టూ ఒకసారి తిరిగి పోతుంది, కుట్టదు, కృతజ్ఞత. ప్రొఫెసరు అది విని, చచ్చిపోయాక మీ మూత్రపిండాలు మాకు ఇస్తానని సంతకం చెయ్యండి అని కాగితం పట్టుకొచ్చాడు. తారీఖు వెయ్యాల్సిన చోట ఏం రాయాలో తెలియక, ఇద్దరూ మధ్యాహ్నందాకా కూర్చుని, చివరికి ఖాళీగా వదిలేశారు.

హెయిసకు నవ్వి నవ్వి దుప్పటితో కళ్ళు తుడుచుకున్నాడు. యసుజి నవ్వలేదు. ఆయన కళ్ళు గెంజో మొహం మీదే ఉన్నాయి, చెయ్యి మాత్రం పళ్ళేనికీ నోటికీ మధ్య తిరుగుతూనే ఉంది. కోతని కోత అని తెలిసి నవ్వుకునేవాళ్ళకి దానివల్ల కీడు లేదు. ఈయన పేపర్లో చూశాడు, టీవీలో చూశాడు, ఫోన్లో చూశాడు. మూడు చోట్ల చూసింది కోత ఎలా అవుతుంది అని ఆయన లెక్క.

కినుయె ఇంక ఉండబట్టలేక, "గెంజో సాన్, రేపటి బస్సు మాట," అని మర్యాదగా, మెల్లిగా గుర్తుచేసింది.

గెంజో ఆమె వైపు చూశాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో ముందురోజు సరేనన్న మనిషి కనిపించాడు. అనబోయాడు కూడా, నోరు తెరిచాడు. అంతలో యసుజి చూపు తగిలింది. అంత నమ్మకంగా చూసేవాడి ముందు, ఖాకీ చెట్టూ దోమా పరదేశపు ప్రొఫెసర్లూ అందరినీ దాటి అంత ఎత్తుకి పోయినవాడు, ఉత్త ముసలివాడిగా ఎలా దిగి వస్తాడు.

"బస్సా," అన్నాడు. "ఆసుపత్రిలో ఎవరున్నారని? ఊరాకు సంగతి బయటపడ్డాక రోగులు రావటంలేదు. డాక్టర్లు ఒకరి నాడి ఒకరు చూసుకుంటున్నారు. యసుజి, నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో. ఇంకో పళ్ళెం తిను. నీ కాళ్ళలో ఉన్నది నీరు కాదు, బలం."

యసుజి తలూపి పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.

కినుయె చేతిలో గిన్నె బల్ల మీద పెట్టింది. ఆమె ఈ వాడకి ఉప్పు కొలిచే అక్క. ఇరవై ఏళ్ళుగా చిన్న కొలత పరికరం సంచిలో వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి, ప్రతి చారుగిన్నెలో ముంచి చూసిన మనిషి. ఆ నలభై సీసాలూ పంచింది ఆమె, పోగుచేసి పంపింది కూడా ఆమే. నలభైకి నలభై ఇచ్చిన వాడ ఇదొక్కటే అని వాడకి మెప్పుపత్రం కూడా వచ్చింది. ఇప్పుడు తను అనబోయే మాటతో ఆ పత్రం పోతుంది, అక్కా అని నమ్మి తలుపు తీసే ఇళ్ళు పోతాయి. తొమి మొహం చూడాల్సి వస్తుంది. అన్నీ ఒకసారి తలుచుకుంది. పోతే పోనీ అనుకుంది.

"ప్రొఫెసరు అచ్చేసిన పుస్తకం నాకూ పంపారు గెంజో సాన్," అంది. "వేలు పెట్టి మూడుసార్లు చదివాను. అందులో లెక్క ముప్ఫై తొమ్మిది మందిదే. పలచని చారు తాగేవాళ్ళకి రక్తపోటు తక్కువ ఉందని రాశారు. అది అందరికీ తెలిసిందే కాబట్టి ఏ పేపరూ వెయ్యలేదు. నలభయ్యో సీసా గురించి చివర రెండు వరుసలున్నాయి. ఈ మనిషి తిన్నానని రాసినదానికీ సీసాలో ఉన్నదానికీ పొంతన లేదు, పట్టడంలో పొరపాటు జరిగి ఉంటుంది, లెక్కలోంచి తీసేశాం, అని. వాళ్ళు తీసేసిన సీసానే అందరూ నెత్తిన పెట్టుకున్నారు."

"పొరపాటేమిటి," అన్నాడు గెంజో, వీపు నిటారుగా పెట్టి. "నా సీసాలో పొరపాటు ఎలా వస్తుంది? పేరు రాసి మరీ ఇచ్చాను."

"ఆ రాత్రి మీరు సాకే సారా తాగి వచ్చి సీసా తన్నేశారు. చాపంతా అయింది. తెల్లవారగానే తొమి సాన్ ఖాళీ సీసా పట్టుకుని మా పెరటి తలుపు దగ్గర నిలబడి ఏడ్చింది, మా ఇంటివల్ల వాడకి మాట వస్తుందని. నేను జాలిపడి, మా ఇంట్లో ఉన్న ఈయన సీసాలోంచి సగం మీదాంట్లో పోశాను. తప్పు నాది. మూడేళ్ళు నోరు మూసుకోవడం ఇంకా పెద్ద తప్పు. రేపు విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాస్తాను."

గెంజో వంటింటి వైపు చూశాడు. అక్కడి నుంచి తొమి, కనిపించకుండానే, "గరాటు నేనే పట్టుకున్నాను," అంది.

గెంజో చెవులు ఎర్రబడ్డాయి. చల్లారిన టీ ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. ఏదో ఒకటి అనకపోతే ఆయన గెంజో ఎలా అవుతాడు.

"ఒంటేలు ఎవరిదైతేనేం," అన్నాడు చివరికి, గడ్డం పైకెత్తి. "అంటించిన పేరు నాదేగా. ప్రపంచం చదివింది పేరునే."

హెయిసకు ఈసారి నవ్వలేదు. అతను యసుజి వైపు చూస్తున్నాడు. యసుజి చాప్‌స్టిక్స్ మధ్య ఆకు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మెల్లిగా, చాలా మెల్లిగా, ఆయన మొహం మీదికి ఒక వెలుగు వచ్చింది.

"అయితే పేపర్లో పడింది నేనా?" అన్నాడు.

కినుయెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగేసి, పళ్ళెం ఆయన ముందునుంచి తీసేసింది.

"అవును, నువ్వే. నా పలచని చారు ఇరవై ఏళ్ళు తాగిన నువ్వు. మూడేళ్ళ కిందటి నువ్వు. రేపు బస్సెక్కి వచ్చి, ఇప్పటి నిన్ను డాక్టరుకి చూపించు."

యసుజి ఆకుని తన గిన్నె మూత మీద పెట్టాడు. గెంజో వైపు చూశాడు. గెంజో కిటికీలోంచి మంచు చూస్తున్నాడు.

"బస్సు ఎన్నింటికి?" అన్నాడు యసుజి.

"ఎనిమిదింపావుకి," అంటూ తొమి కెటిల్ పట్టుకుని గదిలోకి వచ్చింది. "ఈయన్ని కూడా తీసుకుపోండి. ఈసారి సీసా ఈయనే నింపుకుంటాడు."