ఆ పొద్దు వచ్చినవి ఉట్టి పేర్లే

ఏందే రశ్మీ, ఆటో బుక్ చేస్తనని చెప్పి ఆ ఫోన్ల ఇంకేదో చూస్తున్నవ్? ఇవాళ నీ రాశికెట్లున్నదో చెప్తదా అది? బాగున్నది. ఇంటర్వ్యూకు పోవాల్నా వద్దా కూడ దాన్నే అడుగు. నవ్వకు, నిన్ను తిడ్తలేను. మా రూతక్క యాదికొచ్చింది. నువ్వు చూడలే ఆమెను, నువ్వు పుట్టకముందే పోయింది. నాంపల్లిల స్టేషన్ వెనక గల్లీల మేము కిరాయికున్నప్పుడు ఒకటే వాకిట్ల గోడకు గోడ ఆమె ఇల్లు. ఆబిడ్స్‌ల ఒక బళ్ళె ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. భర్త లేడు, ఒక్కడే కొడుకు, ప్రభుదాస్. పొద్దుగాల పొయ్యి ముట్టియ్యకముందు గడపల కూసొని బైబిల్ల ఒక అధ్యాయం గట్టిగ సదివేది. మాకు అలారం అవసరమే లేకుండె. నిన్న యాడ ఆగితే ఇవాళ ఆడికెళ్లే, వరుస తప్పదు. "నాకు నచ్చింది ఏరుకుంటే అది నా మాటైతది శశీ, దేవుని మాటెట్లయితది" అని నాతోని అనేది. ఇగ ఆ పొద్దు ఏమొస్తే ఆ దినమంత దాని మీదనే. ఒకసారి ఏమొచ్చిందంటే, చేను కోసేటప్పుడు అంచులు కొయ్యొద్దు, బీదోళ్లకు విడిచిపెట్టాలె అని. మీ తాత మస్తు నవ్విండు, "నాంపల్లిల నీకు చేనెక్కడిది రూతమ్మా" అని. ఆనాటి సంది ఎవరి జాకెట్టు కత్తిరించినా మిగిలిన గుడ్డముక్కలు సంచిల ఏసి, బొంతలు కుట్టుకొని బతికే ఒకామెకు ఇచ్చుడు మొదలువెట్టింది. ఇంకోసారి నల్లా కాడ మా వాకిట్ల ఉండే కామాక్షితోని పెద్ద లొల్లి అయింది. తెల్లారి ఏమొచ్చిందో ఏమో, బిందె పక్కకు జరిపి "ముందు నువ్వే పట్టుకో కామాక్షీ" అన్నది. కామాక్షి పరేషాన్. ఆ ఆడామె మాట మీద మా వాకిలి మొత్తానికి గురి ఉండె, మేము మొక్కేది ఎల్లమ్మకైనా సరే.

ఆఁ, ప్రభుదాస్ సంగతి. వాడు ఆబిడ్స్‌ల ఒక ఫర్నిచర్ దుకాణంల వ్యాన్ నడిపేటోడు. మంచోడే, జర తొందరపాటు మనిషి. పెళ్లి కుదిరింది. వాళ్లకు పెళ్లికి ముందు చర్చిల వరుసగ మూడు ఆదివారాలు ప్రకటన సదువుతరు, ఎవరికన్న అభ్యంతరముంటే చెప్పుకోమని. ఒక ఆదివారం అయిపోయింది. ఆ వారంలనే ఒకదినం తెల్లారగట్ల సరుకు తేవాలని బండి తీసుకొని పోయిండు. స్టేషన్ మలుపు కాడ వేపపుల్లలు అమ్ముకునే ముసలాయన అడ్డమొచ్చిండు. తగిలింది. వీడు భయపడి ఆపలే, సీదా ఇంటికి వచ్చిండు. సంగతి మా వాకిట్లోళ్లకే ఎరుక. ముసలాయన దవాఖానల పోయిండు పాపం. ఆపితే బతికేటోడా అంటే ఏమో, ఎవరికెరుక. తెల్ల వ్యాన్ అని ఎవరో చెప్పిన్రు, నంబరు చూడలే. తెల్ల వ్యాన్లు ఊర్ల ఎన్ని లేవు? పోలీసోళ్లు తిరుగుకుంట తిరుగుకుంట రేపు పొద్దున మీ ఇంటికొస్తమని కబురు పంపిన్రు. ఆ టైముకు వాడు ఇంట్ల ఉన్నడని తల్లి ఒక్క మాటంటే సాలు. రూతమ్మ చెప్తే నమ్మనోడు ఆ గల్లీల లేడు. దుకాణం సేటు వచ్చి చేతులు పట్టుకున్నడు. "అమ్మా, పోయినోడు ఎట్లనో పోయిండు, ముందరున్న పిల్లగాని సంగతి చూడు." ఆ రాత్రి మాకెవ్వరికీ నిద్ర లేదు. మా ఫికర్ అంత ఒక్కటే, రేపటి అధ్యాయంల ఏమొస్తదో అని. అబద్ధ సాక్ష్యం గిట చెప్పొద్దని వచ్చిందనుకో, పిలగాని బతుకు ఆగమే కదా.

తెల్లారింది. వాకిలి మొత్తం చెవులు ఇటే పెట్టి కూసున్నది. ఆమె గడపల కూసొని మొదలువెట్టింది. ఏమొచ్చిందంటవ్? పేర్లు. ఉట్టి పేర్లే బిడ్డా. ఫలానాయన కొడుకు ఫలానాయన, వాని కొడుకు ఇంకొకాయన, నోరు తిరగని పేర్లు. దినవృత్తాంతాలని ఉంటదట ఒక పుస్తకం, దాంట్ల మొదట్ల అంత గదే. ఒక్క ఆజ్ఞ లేదు, ఒక్క నీతి లేదు. మీ తాత నా దిక్కు చూసి గట్టిగ ఊపిరి వదిలిండు. ప్రభుదాస్ అయితే లోపల్నుంచి నవ్విండు కూడ. నేను సంతోషంగ పోయి ఛాయ్ పెట్టిన.

పోలీసాయన వచ్చిండు, కుర్చీల కూసున్నడు. "అమ్మా, ఆ పొద్దు మీ అబ్బాయి ఇంట్లనే ఉన్నడు కదా" అన్నడు. ఆయన గూడ ఔ అనిపించుకొని పోదామనే వచ్చిండు, మొకంల తెలుస్తనే ఉన్నది. ఈమె ఏమడిగిందో తెలుసా? "పోయినాయన పేరేంది సార్?" ఆయన కాయితం తీసి చూసిండు. "బిచ్చయ్య." "తండ్రి పేరు?" "మల్లయ్య అని ఉన్నది." "మల్లయ్య కొడుకు బిచ్చయ్య" అనుకున్నది ఈమె, మెల్లగ, పొద్దుగాల సదివిన గొంతుతోనే. తర్వాత చెప్పింది. "మా వాడు ఇంట్ల లేడు సార్. ఎలుగొచ్చినంక వచ్చిండు. బండి ముందటి చక్రం కడిగిండు. నేను చూసిన." గంతే. ప్రభుదాస్ తల్లి దిక్కు అట్లనే చూస్తున్నడు. నేనైతే ఏం దాచుకోను, ఆమె మీద నాకు అసహ్యమే పుట్టింది. కన్నతల్లేనా ఈమె అనుకున్న. ఇన్నేండ్లయింది, ఇప్పటికీ ఆ కుర్చీ, ఆ గడప కండ్ల ముందటనే ఉన్నయి. వాణ్ణి తీసుకపోయినంక కొట్లాటకు పోయిన ఆమె మీదికి. "ఏం వాక్యమొచ్చిందని చెప్పినవక్కా? ఇవాళ వచ్చినవి ఉట్టి పేర్లే కదా" అన్న. "పేర్లే శశీ" అన్నది. ఏడుస్తనే ఉన్నది అప్పటికి. "వాళ్లల్ల సగం మంది ఏం చేసిన్రో కూడ రాయలే. ఎవరి కొడుకో రాసిండు, గంతే. దేవునికి గంత చాలనిపించింది. మనం ఇన్ని దినాలు ముసలోడు, పుల్లలోడు అన్నం. ఒక్కరమన్న పేరడిగినమా?" అడగలే. నేనూ రోజూ ఆయన దగ్గరే పుల్ల కొనేదాన్ని.

పెళ్లి తప్పిపోయింది. వాడు జైలుకు పోయొచ్చిండు. వచ్చి ఆ ఇంట్లనే ఉన్నడు గని తల్లితోని మాట్లాడేటోడు కాదు. ఆమె వడ్డిస్తే తినేటోడు, చెయ్యి కడుక్కొని పోయేటోడు. ఆమె మాత్రం పొద్దుగాల సదువుడు ఆపలే. ఆఖరుకు మంచం పట్టి, ఇగ అయిపోయిందన్ననాడు అందరం ఆడనే ఉన్నం. పాస్టర్ గారు వచ్చిండు. అసువంటప్పుడు గొర్లకాపరి కీర్తన ఉంటది సూడు, గది సదువుతరట. ఆయన పుస్తకం తెరుస్తుంటే ప్రభుదాస్ లేచొచ్చి చేతులకెళ్లి తీసుకున్నడు. పేజీలు తిప్పి తిప్పి ఒకకాడ ఆగి సదువుడు మొదలువెట్టిండు. పేర్లు బిడ్డా. అవే. తప్పులు పోతున్నయి, మళ్ల ఎన్కకొచ్చి సదువుతున్నడు. ఫలానాయన కుమారుడు ఫలానాయన, ఆయన కుమారుడు ఫలానాయన అనుకుంట పోయి, పోయి, ఒకకాడ ఆగి, తల ఎత్తకుండనే "మల్లయ్య కుమారుడు బిచ్చయ్య" అన్నడు. పుస్తకంల లేదది. పాస్టర్ గారు నా మొకం చూసిండు. రూతక్క చెయ్యి ఎత్తి, వాని మోకాలి మీద…

ఏందది, హారన్ కొడ్తున్నడు? నీ ఆటోనేనా? పో మరి, టైమైతుంది. ఆగు, ఆ ఫోన్ల ఆటోవాని పేరొస్తది కదా, ఏమున్నదో సూడు.