బొజ్జ బండి

అదేంటమ్మడూ, ఆ టింగు టింగు? నా గురించేనా? బెల్టు పెట్టుకోలేదని బండికి కూడా తెలిసిపోయిందా? అబ్బో! పెట్టుకుంటాలే, తొందరేముంది, గేటు పడింది కదా. ఆ రైలు వచ్చేదెప్పుడు, వీడు గేటు ఎత్తేదెప్పుడు. ముందు ఇంజను ఆపు. హమ్మయ్య, ఇప్పుడు నోరు మూసింది. కొత్త బండి, మొదటిసారి ఎక్కించుకున్నావు, అనకూడదు గానీ, మా బావ బండి ముందు నీ బండి ఎందుకూ పనికి రాదు. నవ్వకు. దానికీ గంట ఉండేది, కానీ ఇలా మనిషి మీద అరిచేది కాదు. ఏ బావ అంటావేంటి, నాకున్నది ఒక్కడే బావ. మా అక్క మొగుడు. మీ నాన్నకి మేనత్త మొగుడు. నువ్వు పుట్టకముందే పోయారులే ఇద్దరూ. మీ నాన్న ఎప్పుడూ చెప్పలేదా బొజ్జ బండి గురించి? వాడేం చెబుతాడు! చిన్నప్పుడు దాన్లోకి ఎక్కితే దిగమంటే ఏడ్చేవాడు, ఇప్పుడేమో కారంటే మైలేజీ ఎంత, రంగు బాగుందా, అంతే.

మా బావ బస్సులు కట్టేవాడు. నడపడం కాదమ్మా, కట్టడం. ఇల్లు కట్టినట్టే. ఫ్యాక్టరీ నుంచి ఉత్త చాసిస్ వచ్చేది, అంటే ఇంజను, చక్రాలు, స్టీరింగు, డ్రైవరు కూర్చోడానికో చెక్కపెట్టె. పైన కప్పు లేదు, పక్కన గోడ లేదు. మొహానికి గుడ్డ చుట్టుకుని, ఎండా వానా నెత్తిన వేసుకుని అలాగే తోలుకొచ్చేవాళ్ళు పాపం. దానికి పక్కలు, కప్పు, సీట్లు, మెట్లు, కిటికీలు, అన్నీ మా బావ షెడ్డులో పడాల్సిందే. ఆ షెడ్డులో మిషన్లు చూడాలి నువ్వు! అన్నిటికీ కలిపి ఒక్కటే మోటారు. పైన దూలాల కింద ఈ చివర నుంచి ఆ చివరకి ఓ ఇనప కడ్డీ గిరగిరా తిరుగుతుండేది, దాని మీంచి ఒక్కో మిషనుకి ఒక్కో తోలు బెల్టు దిగేది. ఏది కావాలంటే దాని బెల్టుని కర్రతో పక్కకి తోసేవాళ్ళు, మిషను లేచేది. చప్పుడా? అదేం అడుగుతావు. ఇంటి గోడా షెడ్డు గోడా ఒకటే. మా అక్క వంటింట్లో కూర్చుని చెప్పేది, "రేకులు వంచే మిషను ఆగిందిరా, మీ బావ చేతులు కడుక్కుంటూ ఉంటారు, ఆ గిన్నె దించు" అని. నేను గిన్నె దించేలోపు ఆయన గుమ్మంలో ఉండేవాడు. మాటలు మాత్రం తక్కువ. రేకులు బిగించే రివెట్లు నోట్లో పెట్టుకుని పని చేసే అలవాటు, అందుకని ఏదడిగినా ఊ, లేదంటే ఊహూ. నోట్లో రివెట్లు లేనప్పుడూ అంతే అనుకో.

ఏం చెబుతున్నాను? ఆ, గంట. మా అక్కకి నడుం కింద బలం తగ్గుతూ వచ్చింది. ఏదో నరాల జబ్బు అన్నారు. చేతుల్లో మాత్రం ఎక్కడలేని సత్తువ. రెండు కర్రల మీద ఇల్లంతా తిరిగేది, ఒక్క పని ఆపేది కాదు. పిలిస్తే ఆ చప్పుడులో షెడ్డులోకి వినపడదు కదా, అందుకని మా బావ ఏం చేశాడంటే, బస్సులో కండక్టరు లాగే తాడు లేదూ, ఆ తాడు వంటింటి నుంచి గోడకి బెజ్జం పెట్టి షెడ్డులోకి లాగి, చివర బస్సు గంట కట్టాడు. ఒక్కసారి కొడితే ఆపి రమ్మని. రెండుసార్లు కొడితే ఏం ఫర్వాలేదు, పని కానివ్వమని. బస్సు లెక్కే, ఒకటైతే ఆగమని, రెండైతే పొమ్మని. నేనప్పుడు కండక్టరునే కదా, "ఏం బావా, నా ఉద్యోగం అక్కకిచ్చావా" అంటే, "ఊ" అన్నాడు.

ఇలా ఉండగా ఏమైందంటే, ఓ పెళ్ళికి బయల్దేరారు ఇద్దరూ. బస్సు మెట్టు మా అక్కకి అందలేదు. వెనక జనం తోసుకుంటున్నారు. ఎవరో పుణ్యాత్ములు, కింద నుంచి ఒకడు, పై నుంచి ఒకడు, చంకల్లో చేతులేసి ఒక్క లాగు లాగారు. మంచికే చేశారమ్మా, నేను కాదనను. కానీ బస్సు బస్సంతా తలలు తిప్పి చూస్తోంది. కర్ర ఒకటి కిందే పడిపోయింది. వెళ్ళింది, పెళ్ళి చూసింది, వచ్చింది. నేను చూడ్డానికి వెళ్తే, "బస్తానెత్తినట్టు ఎత్తార్రా తమ్ముడూ. ఇంక నేను గడప దాటను" అంది. అన్నది అన్నట్టే చేసింది. పక్కింటి పేరంటానికి కూడా కదల్లేదు. మా బావ "పోనీ నేనే ఎత్తుకుంటా" అన్నాడు. ఆయనకది చాలా పెద్ద మాట. "మీరెత్తినా ఎత్తడమే కదండీ" అంది మా అక్క. ఆ బస్సు కట్టింది ఎవరనుకున్నావు? మా బావే. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఊరందరికీ బస్సులు కట్టి పెట్టాడు, పెళ్ళాం ఎక్కేది ఒక్కటీ లేదు. నాకు తెలుసు, అది ఆయన్ని తినేసింది. షెడ్డులో బస్సు మెట్టు బిగిస్తూ బిగిస్తూ ఆగిపోయి దాన్నే చూస్తుండేవాడు.

అప్పుడు మొదలుపెట్టాడు బండి. తుక్కులో పడున్న పాత వ్యాను చాసిస్, ఎక్కడిదో ఇంజను. అదంతా మామూలే. అసలు సంగతి సీటు. ఇనుము చెక్కే లేతు మిషను చూశావా ఎప్పుడైనా? చూసుండవు. దాని మీద ఓ బల్ల లాంటిది ఉంటుంది, పక్కనున్న చక్రం తిప్పితే మెల్లగా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఎంత బరువు పెట్టినా సరే, వేలితో తిప్పొచ్చు. మా బావ షెడ్డులో వాళ్ళ నాన్న నాటి లేతు ఉండేది. దాన్ని ఊడదీశాడు! ఆ బల్ల, చక్రం తీసి బండిలో అడ్డంగా బిగించి, దాని మీద సీటు పెట్టాడు. తలుపు తీసి చక్రం తిప్పితే సీటు బయటికొస్తుంది. కూర్చుని మళ్ళీ తిప్పితే మనిషితో సహా లోపలికి పోతుంది. ఎవడూ చెయ్యి వెయ్యక్కర్లేదు. వాళ్ళ నాన్న ముసలాయన అప్పటికి మంచం మీదే, ఆయనకీ చప్పుళ్ళన్నీ కంఠతా వచ్చు కదా, "ఒరేయ్, లేతు గొంతు వినపడ్డం లేదేంరా? ఒరేయ్!" అని ఒకటే కేకలు. చెప్పేసరికి ఇంకా పెద్ద కేకలు. "నేను బతికుండగానే నా లేతుని కుర్చీ చేస్తావురా!" అని. మా అక్కే వెళ్ళి, "మామయ్యగారూ, ఆ కుర్చీ నాకేనటండీ" అంది. ముసలాయన, "అయితే చక్రానికి నూనె పెట్టమను, ఎండితే కీచుమంటుంది" అన్నాడు.

బండి తయారైంది. రంగు వేశారు, పైన పట్టుకోడానికి కడ్డీ, వెనక తాడు, ముందు గంట, అచ్చం పిల్ల బస్సు. షెడ్డులో వాళ్ళూ వీధిలో వాళ్ళూ అందరూ పోగయ్యారు. మా అక్కని రమ్మన్నాం. నెలల తర్వాత గడప దాటి వాకిట్లోకి వచ్చింది, తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని. మా బావ తలుపు తీసి చక్రం తిప్పాడు. సీటు వచ్చింది బయటికి, వెన్న మీద జారినట్టు. ఎక్కడికొచ్చింది? సరిగ్గా మా అక్క గుండెల ఎత్తుకి! ఏం చేస్తాడమ్మా, జన్మంతా బస్సులు కట్టిన చెయ్యి. కొలత బద్ద పెట్టడు, కళ్ళు మూసుకుని కడతాడు, నేల ఎక్కడుండాలంటే బస్సు నేల ఉండే చోటే ఉంది. ఎవడో కిసుక్కున నవ్వాడు. మా అక్క దాన్ని చూసింది, ఆయన్ని చూసింది. "బాగుందండీ" అని, కర్రలు తిప్పుకుని లోపలికెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ వేళ బావ మొహం చూడలేకపోయాను. జనం పోయాక ఇంట్లోకెళ్ళి, మా అక్క వంటింట్లో కూర్చునే కుర్చీ ఉందే, అది పట్టుకొచ్చి బండి పక్కన పెట్టాడు. ఆ ఎత్తుకి బండి మీద సుద్దతో గీత గీశాడు. కొత్త రంగు మీదే. ఇంక సీటు ఆ గీత దగ్గరికి దిగేదాకా చాసిస్ కోసుకుంటూ పోయాడు. మధ్యలో కోసి, కిందకి దించి, మళ్ళీ అతికాడు. ముందూ వెనకా మామూలుగానే ఉంది, నడుమ మాత్రం బొజ్జ వేలాడింది. చూసినవాడు చూసినట్టు పగలబడి నవ్వాడు. అదే బొజ్జ బండి. రోడ్డు మీద ఏ చిన్న గుట్ట వచ్చినా బొజ్జ రాసుకుని కర్రుమనేది, అందుకని మా బావ వంకరగా ఎక్కించి వంకరగా దింపేవాడు, వెనకొచ్చే లారీ వాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. తిడితే తిట్టారు. మా అక్క ఎక్కింది! కూర్చుని, కర్రలు పక్కన పెట్టి, చక్రం తనే తిప్పుకుంది. లోపలికెళ్ళి, తాడు పట్టుకుని, రెండు కొట్టింది. టింగు, టింగు. మా బావ గేరు వేశాడు.

ఆ తర్వాత ఇల్లు పట్టిందా మనిషి? బజారుకి, ఆస్పత్రికి, చుట్టాలిళ్ళకి, ఏమీ లేకపోతే ఊరికే ఏటి గట్టు దాకా. ఎవరైనా తెలిసినవాళ్ళు కనపడితే ఒక్క గంట. బండి ఆగాల్సిందే, అది నడిరోడ్డు కానీ, మలుపు కానీ. చక్రం తిప్పుకుని సీటుతో సహా బయటికొచ్చి, వాకిట్లో కూర్చున్నట్టు కూర్చుని కబుర్లు. వెనక బళ్ళన్నీ మోగిస్తుంటే, "కాస్త ఓపిక పట్టు నాయనా, వస్తున్నా" అనేది. నా బస్సు కూడా రెండుసార్లు ఆపింది, టిక్కెట్లు కొడుతున్నవాణ్ణి కిందకి పిలిచి తిన్నావా అని అడగడానికి. రెండు గంటలు కొట్టందే మాత్రం మా బావ బండి కదిల్చేవాడు కాదు. ఇంజను ఆడుతుండేది, ఆయన ముందుకి చూస్తూ కూర్చునేవాడు. తొందర పెట్టడం, వెనక్కి తిరగడం, ఏమీ లేదు.

పోయింది మా అక్క. నిద్రలోనే పోయింది, ఎవరినీ కష్టపెట్టలేదు. దినకర్మలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయాక, ఓ పొద్దున్న నేను డ్యూటీకి పోతూ అటు తిరిగితే, వాకిట్లో బొజ్జ బండి ఆడుతోంది. మా బావ స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. పోనీలే, బయటికెళ్తున్నాడు, మంచిదే అనుకున్నా. ఎంతకీ కదలదు. దగ్గరికెళ్ళి, "ఏం బావా, గేరు పడ్డం లేదా?" అన్నా. "పడుతుంది" అన్నాడు. "మరి?" అన్నా. "గంట మోగలేదురా" అన్నాడు. అంతే, మామూలుగా అన్నాడు. వెనక్కెళ్ళి చూస్తే తలుపు తీసే ఉంది, సీటు బయటికే ఉంది, చివరిసారి మా అక్క దిగి వదిలేసినట్టే. కూర్చున్నా. చక్రం తిప్పితే మెల్లగా లోపలికెళ్ళింది, కీచు లేదు, కొత్తగా నూనె పెట్టి ఉంది. ఎప్పుడు పెట్టాడో. తాడు పట్టుకుని రెండు కొట్టా. కదిలాడు.

బజారు మీంచి తిప్పాడు, ఆస్పత్రి మీంచి, ఏటి గట్టు మీంచి. మళ్ళీ బజారు. తాడు చేతిలోనే ఉంది అమ్మడూ. ఒక్క గంట కొడితే ఆపుతాడు. కొట్టి? ఆపి? దిగి ఆ ఇంట్లోకి వెళ్ళాలి కదా మనిషి. కొట్టలేకపోయాను. డ్యూటీ పోయింది, పోతే పోయింది. అలా తిప్పుతూనే ఉన్నాడు, నేను తాడు పట్టుకుని...

అదిగో, గేటు లేస్తోంది. వెనకవాడు చూడు అప్పుడే ఎలా మోగిస్తున్నాడో, వీడికి ఎక్కడలేని తొందర. ఏంటమ్మా, కళ్ళు తుడుచుకో, రోడ్డు కనపడాలి. ఏదీ, ఆ బెల్టు ఎక్కడ దూర్చాలి, ఇటా? ఆ, పడింది. ఇంక పోనీ తల్లీ.