వారానికి ఎనిమిది గుడ్లు

ఆదివారం సాయంత్రం. భోజనాల బల్ల మీద కూతురి ల్యాప్‌టాప్, దాని పక్కన రెండు నోటు పుస్తకాలు; కుర్చీ వెనక నిలబడి, మెడలో టేపు తీయకుండానే తొంగిచూస్తున్న దర్జీ తండ్రి. కిటికీ అవతల పెరట్లో మూడు కోళ్ళున్న గూడు.

"ఏదే అమ్మడూ, మన మహారాణి? ఎక్కడా కనబడదేం?"

"అదిగో నాన్నా, అడుగున."

"అడుగున ఏముంది? నేలుంది."

"ఆ నేలే. దానికి అతుక్కుని మూడు గీతలున్నాయి చూడు. ఎర్రది ఎర్రమ్మ, నల్లది నల్లమ్మ, నీలంది నీ మహారాణి."

"అయ్యో, అయ్యో! మూడు కోళ్ళనీ ఒక్క దెబ్బకి పడగొట్టేశావు కదే! మరి నెత్తి మీద గాలిపటంలా ఎగురుతున్న ఆ పసుపు గీత ఎవరిది?"

"మేతది. అంతా ఒకే బొమ్మలో ఉండాలి, మేత కూడా వెయ్యి అన్నావుగా? వేశా. మేత గ్రాముల్లో వారానికి రెండు వేల మూడు వందలు. గుడ్లేమో మూడు, నాలుగు. ఒకే కొలబద్ద పక్కన నిలబెడితే ఏనుగు పక్కన చీమలే."

"నేనైతే పసివాడి నిక్కరుకీ పహిల్వాన్ కోటుకీ ఒకే కొలత తియ్యను."

"అందుకే ఆగమంటున్నా. ఇదిగో, మేత గీతని పట్టుకుని దానికి కుడి పక్కన వేరే కొలబద్ద ఇస్తున్నా. ఎడమ పక్కది గుడ్లకే. నేను పనిచేసే గోడౌన్‌లో సరుకు లెక్కలకి రోజూ గీసేవి ఇవే... అయిపోయింది."

"లేచాయి! లేచాయే! గుడ్లు పైకి లేచాయి! ఇందాక నేను గుడ్లు తేలేశాననుకో."

"నీ గుడ్లా, కోడి గుడ్లా?"

"ఏవైతేనేం, అన్నీ నిలబడ్డాయి. ఆ నీలం గీతని ఇంకాస్త లావు చెయ్యి. మీ అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేసరికి తళతళలాడాలి. నర్సమ్మ కదా, గీత చూస్తే రోగం చెప్పేస్తుంది."

"గీత లావైతే గుడ్డు లావవదు నాన్నా. అయినా ఏడో వారంలో నీలం గీత దబ్బున కింద పడిందేం?"

"బెంగ పెట్టుకుంది. వారం రోజులే. ఎనిమిదో వారానికి మళ్ళీ లేచింది, చూడు. పడి లేచినవాళ్ళకే విలువ."

"కోడికి బెంగేంటి?"

"మహారాణి మామూలు కోడా? సంతలో వంద కోళ్ళలోంచి నేనే ఏరి తెచ్చాను! ఆ తురాయి చూడు, ఎంత ఎర్రగా, నిటారుగా, కిరీటంలాగా! ఆ తోక చూడు, నెమలికి అరువిచ్చేట్టుంది."

"మిగతా రెండిటి తోకలు అలా లేవేం?"

"అవి ప్రజలు. ఇది రాజవంశం."

"మరి ఆ గొంతు? పొద్దున్నే రాయి మీద గరిటె గీకినట్టు."

"పడిశం. మీ అమ్మ వారం నుంచి నీళ్ళలో దగ్గు మందు కలిపి పట్టిస్తోంది. అవన్నీ ఎందుకు గానీ, తొందరగా కానియ్యవే. గూటి తలుపు మీద మీ అమ్మ రాసింది చదివావు కదా?"

"'వారానికి అయిదు గుడ్లకి తక్కువ పెట్టే పెట్ట ఈ గూటిలో ఉండరాదు. గడువు పది వారాలు.' కింద ఇద్దరి సంతకాలు."

"పది వారాలు ఇవాళ్టితో సరి. లెక్క తప్పితే రేపు పొద్దున్నే చికెన్ కొట్టాయన బుట్ట పట్టుకుని వస్తాడు. నాకు ఆ బుట్ట తలుచుకుంటేనే సూదిలో దారం ఎక్కట్లేదు."

"సరే, ఇప్పటిదాకా వేసింది నీ పొద్దుటి పుస్తకమే. ఇప్పుడు అమ్మ సాయంత్రం పుస్తకం కలపాలి."

"కలుపు, కలుపు! నేను కూడా ఇవాళే చూడ్డం. దొంగలెక్కలు రాకుండా పది వారాలూ ఒకరి పుస్తకం ఒకరు ముట్టకూడదని ఆవిడ షరతు. పొద్దున్నే ఆవిడ గూటి తలుపు తీసి డ్యూటీకి వెళ్తుంది. తొమ్మిదింటికి నేను ఏరి రాస్తాను. సాయంత్రం ఆవిడొచ్చి ఏరి రాస్తుంది. పెళ్ళయిన పాతికేళ్ళలో మేమిద్దరం కలిసి పోట్లాట లేకుండా చేసిన పని ఇదొక్కటే. ఎందుకంటే కలవం."

"మహారాణివి తెల్ల గుడ్లు, ఎర్రమ్మవి ముదురు గోధుమరంగు, నల్లమ్మవి లేత గోధుమరంగు. తేడా తెలిసిపోతుంది, మంచిదే. నీ పుస్తకంలో తెల్లవి వారానికి నాలుగు. అమ్మ పుస్తకంలో తెల్లవి... ఊఁ... రెండూ కలిపితే..."

"జెండా ఎగురుతుంది!"

"నాన్నా."

"ఏం?"

"వారానికి ఎన్ని రోజులు?"

"ఏడు. కరెంటు పోతే నాకు ఆరు. ఎందుకు?"

"మహారాణి వారానికి ఎన్ని గుడ్లు పెట్టిందో తెలుసా? ఎనిమిది."

"చూశావా! నేను చెప్పలే... ఎన్ని?"

"ఎనిమిది. మొదటి వారం ఎనిమిది. రెండో వారం ఎనిమిది. మూడో వారం ఎనిమిది. రోజుకి ఒక గుడ్డు మించి ఏ కోడి పెడుతుంది నాన్నా?"

"ఓవర్‌టైం చేసిందేమో. స్కూళ్ళు తెరిచే ముందు నేను చెయ్యనూ?"

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకే తల్లీ! తక్కువైతే ఏడవాలి గానీ, ఎక్కువైనా ఏడుపేనా?"

"ఏడవట్లేదు, విడదీస్తున్నా. తెల్ల గుడ్లలో పొద్దుటివి ఒక గీత, సాయంత్రానివి ఇంకో గీత. ఒకే బొమ్మలో. ఇదిగో, సాయంత్రం గీత ఆకుపచ్చది. నాలుగు, నాలుగు, నాలుగు... నాలుగో వారం సున్నా."

"పాపం, ఒంట్లో బాగోలేదు."

"దానికి కాదు, నీకు. ఆ వారం నీకు జ్వరం. మంచం దిగలేదు. పొద్దుటి పుస్తకం కూడా నేనే రాశాను."

"ఈ ఫ్యానేంటి, తిరుగుతోందా లేదా? ఉక్కపోస్తోంది."

"ఫ్యాను తిరుగుతోంది, నువ్వే మాట తిప్పుతున్నావు. నువ్వు మంచమెక్కితే కోడికి సాయంత్రం గుడ్డు ఎందుకు ఆగింది?"

"దానికి నేనంటే ప్రాణం."

"నాన్నా!"

"సరే, సరే, అరవకు. నేనే పెట్టాను."

"ఏం పెట్టావు?"

"గుడ్లు."

"నువ్వా!"

"కొని పెట్టానే! దుకాణంలో తెల్ల గుడ్లు కొని, మధ్యాహ్నం దాని గడ్డిలో పెట్టేవాణ్ణి. పెట్టుడు పళ్ళు తప్పు కానప్పుడు పెట్టుడు గుడ్లు తప్పా? పొద్దున చూస్తే రోజు విడిచి రోజే పెడుతోంది. వారానికి నాలుగు. రూలేమో అయిదు. ఒక్క గుడ్డు తక్కువైందని ప్రాణం తీస్తారా?"

"ఒక్కటే తక్కువైతే నాలుగు ఎందుకు పెట్టావు?"

"కుట్టేటప్పుడు లోపల కాస్త గుడ్డ వదులుతాం కదా, రేపు బిగుతైతే విప్పుకోడానికి. ఇక్కడ గుడ్డు వదిలాను."

"అబ్బ, నీ దర్జీ బుద్ధి!"

"కుట్టు వచ్చినవాడికి కుట్ర రాదటే? ఇప్పుడు నా మాట విను. సాయంత్రం గుడ్లలో ఒకటి చెరిపెయ్. పొద్దున నాలుగు, సాయంత్రం మూడు. మొత్తం ఏడు, రోజుకొకటి. ముచ్చటగా ఉంటుంది."

"నేను దొంగలెక్క వెయ్యను."

"గీత కాస్త వంచమంటున్నానే, తల వంచమనట్లేదు. పైగా పొద్దుటి నాలుగూ అసలైనవేగా! అవి నేను పెట్టలేదు, ఒట్టు."

"నువ్వు పెట్టలేదు సరే. మరి ఇందాక బెంగ అన్నావు, ఏడో వారం. ఎవరి మీద బెంగ?"

"మీ అమ్మ మీద. ఆ వారం ట్రైనింగుకని ఊరెళ్ళింది కదా. సాయంత్రం పుస్తకం నువ్వే రాశావు. నేను పొద్దున్నే గూడంతా గాలించాను, ఒక్క తెల్ల గుడ్డు ఉంటేనా! మనిషి లేకపోతే ఎంత బెంగో అనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను."

"రెండు గీతలూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి కదా, ఇప్పుడు చూడు. నువ్వు పడుకుంటే ఆకుపచ్చ గీత పడుకుంది. అమ్మ ఊరెళ్తే నీలం గీత ఊరెళ్ళింది. ఏం అర్థమైంది?"

"దానికి మా ఇద్దరి మీదా సమానంగా ప్రేమ అని."

"దేవుడా! గేటు చప్పుడు... అమ్మ వచ్చేసింది."

"మూసెయ్! మూసెయ్యది!"

"ఏం మూస్తున్నారు? ఏవండీ, ఎందుకలా గుడ్లప్పగించి చూస్తున్నారు? నేనే, మీ ఆవిణ్ణి. లెక్క తేలిందా?"

"తేలింది. అంటే... తేలుతోంది. మహారాణి బాగానే పెట్టింది."

"పెట్టదూ మరి! నాకు తెలుసు. అయితే ఆ గడువు గొడవ వదిలినట్టే. కాగితం ఇటివ్వండి, సంతకం పెట్టేస్తా."

"ముందు ఈ బొమ్మ చూడమ్మా. నువ్వు రోజూ జ్వరాల గీతలు చూస్తావుగా. తెల్ల గుడ్లే ఇవి. నీలం పొద్దుటివి, ఆకుపచ్చ సాయంత్రానివి. ఏమనిపిస్తోంది?"

"ఏముంది, ఆకుపచ్చది నాలుగో వారంలో... నీలంది ఏడో... చేతులు కడుక్కుని వస్తా."

"అమ్మా! ఏడో వారం నువ్వెక్కడున్నావు?"

"ఆసుపత్రి చేతులే, కడుక్కోనీ."

"తర్వాత కడుక్కోవచ్చు. చెప్పు."

"ఏంటి, తండ్రీకూతుళ్ళు గుడ్లురుముతున్నారు? చెప్తా! పొద్దున్నే లేచి, గూటి తలుపు తీసి, సంచిలోంచి గుడ్డు తీసి గడ్డిలో పెట్టి, పగలకుండా చూసి, పరిగెత్తి బస్సు పట్టుకోవడం తేలికనుకున్నారా?"

"నువ్వు కూడానా!"

"'కూడా' ఏంటండీ? అంటే... మీరు?"

"మధ్యాహ్నం డ్యూటీ నాది. రూలు రాసిన మనిషివి, నీకిదేం బుద్ధే?"

"రాయించింది మీరు! కోళ్ళు దిగిన రోజే ఏమన్నారు? 'తేరగా తిని కూర్చునేవాళ్ళకి నా ఇంట్లో చోటు లేదు' అన్నారా, లేదా? సాయంత్రం చూస్తే రోజు విడిచి రోజే పెడుతోంది. మీరు అన్నంత పనీ చేస్తారని..."

"అది గొప్పకి అన్నానే! గొప్పకి అన్నమాట గోడకెక్కిస్తావా? పొద్దున నాలుగే పెడుతోంది, నువ్వేమో రాసిన గీత దాటనివ్వవని నేను..."

"మీ మాటకి విలువిచ్చి రాశాను!"

"ఏ ఒక్కనాడూ ఇవ్వని విలువ ఆ ఒక్కనాడే ఇవ్వాలా?"

"చాలు! గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది. ఇద్దరూ ఆగండి. నాన్న పెట్టిన సాయంత్రం గుడ్లు తీసేస్తున్నా. అమ్మ పెట్టిన పొద్దుటి గుడ్లు తీసేస్తున్నా. ఇక మిగిలినవి మహారాణి సొంతవి."

"ఎన్ని?"

"చెప్పు తల్లీ, ఎన్ని?"

"గీత నేల మీదుంది."

"మేత గీత మళ్ళీ అడ్డొచ్చుంటుందే! ఇందాకట్లా కుడి పక్కకి తోసి చూడు, లేస్తుంది!"

"మేత కుడి పక్కనే ఉంది నాన్నా. ఇది అసలు నేల. సున్నా. పది వారాలూ సున్నా."

"ఒక్కటి కూడా లేదా?"

"ఒక్కటి కూడా లేదు."

"గుడ్డిలో మెల్ల ఏంటంటే, ఆ గుడ్లన్నీ మనమే తిన్నాం."

"ఇప్పుడా మీ హాస్యం? సంతకాలు పెట్టాం. కొట్టాయనకి రేపు రమ్మని చెప్పింది కూడా నేనే. రాతకోతలన్నీ అయ్యాక..."

"కోత అనకే! ఆ ఒక్క మాట అనకు!"

"ఏడవకండి. నాకూ ఏడుపొస్తుంది. అసలెందుకు పెట్టలేదంటారు? మేతకి లోటు లేదు. ఒళ్ళు చూస్తే ఆ రెండిటికీ రెట్టింపు. రోగమా అంటే, గొంతు తప్ప ఇంకేం..."

"కొక్కొరొకో...!"

"ఎవరది?"

"మన గూట్లోంచే."

"ఎర్రమ్మా?"

"కిటికీలోంచి చూడు నాన్నా. గూడెక్కి, మెడ చాచి, ఆ తురాయి ఊపుతూ... అమ్మా, నీ దగ్గు మందు పనిచేసింది."

"మహారాణి... మహారాజా? వందలో ఏరి తెచ్చానే!"

"ఏరి ఏరి పుంజుని తెచ్చావు. ఆ తోక, ఆ గొంతు చూసైనా తెలియాలి. ఎలా తెలుస్తుంది? రోజూ గుడ్లు కనబడుతుంటే ముగ్గురం గుడ్డిగా నమ్మాం."

"అయితే మాత్రం ఏం లాభమే? పెట్టేది సున్నా అని తేలిపోయింది. సంతకం సంతకమే. రేపా బుట్ట వచ్చి గుమ్మం ముందు నిలబడితే మీ అమ్మ ఏం చెప్తుంది?"

"ఏం చెప్పాలో నాకు తెలుసు లెండి, రూలు రాసిందాన్ని! 'అయిదు గుడ్లకి తక్కువ పెట్టే పెట్ట' అని రాశాను. పుంజు ఊసు అందులో ఎక్కడుందండీ?"