కలబంద సంచి

పెళ్ళిళ్ళ సీజనుకి తమ్ముడితో విశాఖ వెళ్తున్న గుర్రం కోసం అక్క సంచి సర్దుతోంది. ఉలవలు, దువ్వెన, తాడు, వాటి మీద అప్పుడే కోసిన కలబంద మట్టలు. బయట వ్యానులో సింగారి సకిలించింది. చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అప్పా, మట్టలు నిలబెట్టి పసుపు రసం కార్చనేదేటి?"

"తమ్ముడే కార్చుకుంటాడు."

"లోపలి గుజ్జు గుర్రానికి బలమని తప్ప ఆడికేటి తెలుసు? నువ్వు సెప్పనేదా?"

"తల్లి సస్తే సింగారికి సీసాతో పాలు పట్టి పెంచింది నాను. అయ్య దినం అయిన మర్నాడే, ఆడదానికి గుర్రమేటని నా సేతిలో తాడు లాక్కున్నాడు. నానెందుకు సెప్పాలి?"

"ఆ రసం కడుపులో పడితే సింగారి ఇరేచనాలతో పారుకుంటాది!"

"పారుకోనీ. పెళ్ళికొడుకుని మోస్తా నడివీధిలో పారుకుంటే బాజావోళ్ళు కూడా నవ్వాలి. అప్పుడు ఫోను సేసి 'అప్పా, ఏటి సెయ్యను' అని ఏడవాలి. అప్పుడు సెప్తాను."

"నిన్ను సింగారి ఏటి సేసినాది?"

అక్క చెయ్యి జిప్పు మీద ఆగింది.

"ఒక పూట పారుకుంటే గుర్రం సావదులేవే."

"వ్యాను ఇంకా కదల్నేదు. ఎల్లి ఒక్క మాట సెప్పి రా, అప్పా."

"ఆడే అడగాలి."

హారను మోగింది. అక్క సంచి అందించి, సింగారి నుదురు నిమిరి, తమ్ముడి మొహం చూడకుండా వెనక్కి తిరిగింది.

తమ్ముడికీ అంతే పంతం. ఫోను చెయ్యలేదు.

సింగారి తిరిగి రాలేదు. రోజుల తరబడి పారుకుని, మాఘ పౌర్ణమి నాడు విశాఖలోనే చచ్చిపోయింది.