తల్లి సొర

(ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీ, జువాలజీ ల్యాబు. మూడు నెలల సెలవు తర్వాత వచ్చిన లెక్చరర్ దీపశ్రీ, అటెండరు ఓబన్న.)

“ఓబన్నా, తల్లి సొర జాడీ యాడ?”

“అదా మేడం... పగిలిపోయినాది.”

“ఎప్పుడు?”

“మీరు లీవులో ఉన్నప్పుడే. జారి పడె.”

“మరి బీరువా వెనకాల కనపడతాండేది ఏంది?”

“నేనే దాపెట్టినా మేడం. ఈ పొద్దు ఆ పాఠం వద్దు. జ్యోతి మేడం సెప్తానన్నారు.”

“నా క్లాసు నేనే చెప్తా. తీసుకురా.”

“మేడం, వద్దు...”

“ఇన్నేండ్లు తుడిచినావే, దీని గురించి ఎవరన్నా చెప్పినారా నీకు?”

“సొరచేప. కడుపు కోసి పెట్టినారు. లోపల పిల్లలు.”

“చేపలంటే గుడ్లు పెట్టేవే కదా. వీటి ముత్తాతలూ పెట్టినవే. నీళ్ళలో వదిలిన గుడ్లను ఎవరో ఒకరు తినేసేది. కొన్ని తల్లులు వదల్లేదు, కడుపులోనే ఉంచుకున్నాయి. ఒక్క జాతి కాదు ఓబన్నా, ఎన్నో జాతులు, దేనికది, ఇట్లనే మారినాయి. కోట్ల ఏండ్లు పట్టింది.”

“ఈ దారం ఏంది మేడం?”

“బొడ్డుతాడు. పిల్ల మొదట గుడ్డులోని సొన తింటుంది. సొన అయిపోయినాక ఆ సంచే పోయి గర్భం గోడకు అతుక్కుంటుంది. అదే మాయ. దాంట్లోంచే తిండి, దాంట్లోంచే ఊపిరి.”

“అచ్చం మనుషుల మాదిరే.”

“దీనికి గర్భాలు రెండు. రెండిట్లోనూ పిల్లలే. నాకు... ఒక్కటే ఉండె.”

“కూర్చోండి మేడం. నీళ్ళు తెస్తా.”

“వద్దు. ఎనిమిదో నెల దాకా బాగుండె. పాఠం చెప్తాంటే తన్నేది. పిల్లలకు తెలీకుండా బల్ల పట్టుకునేదాన్ని. తాడు మెడకు చుట్టుకుందన్నారు. ఎన్నిసార్లు బోర్డు మీద గీసినానో ఆ తాడు...”

“మీ తప్పేముంది మేడం.”

“మత్తు దిగేసరికి అంతా అయిపోయింది. నాకు చూపించలేదు. ఆడపిల్లా, మగపిల్లాడా అంటే మా ఆయన పలకడు. మర్చిపో అంటాడు. ఎవరిని మర్చిపోవాలో చెప్తే కదా!”

“సుధీంద్ర సారును అనొద్దు మేడం. ఆ పొద్దు సారుకు కాళ్ళూ సేతులూ ఆడలేదు.”

“నీకెట్ల తెలుసు?”

“జాడీ లోపల పెట్టొస్తా మేడం.”

“ఓబన్నా, నీకెట్ల తెలుసు?”

“సారు ఫోన్ సేసినాడు. గుంత తవ్వను మనిషి దొరకలేదని. నేనే పోయినా.”

“నువ్వా?”

“ఎమ్మిగనూరు రోడ్డు పక్కన. మీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.”

“అయితే నువ్వు... చూసినావా?”

“ఆడదాకా ఆటోలో నా ఒళ్ళోనే వచ్చిందమ్మా. ఆడబిడ్డ. తలనిండా ఎంటికలు. పండుకున్నట్టే ఉండె. దించబుద్ధి కాలేదు.”