రెండు వందల జతలు, ఒక్క తప్పు: మా జతల మాస్టారు

వేయి తొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీ, బుధవారం ఉదయం పది గంటలకు, చేతిలో నియామక పత్రం, చంకలో గొడుగు, ముఖాన కొంచెం భయం పెట్టుకొని మా టెలిఫోను కార్యాలయంలో అడుగుపెట్టిన ఇరవై నాలుగేళ్ల యువకుడు, ముప్పై ఆరు సంవత్సరాల నిరంతర సేవానంతరం, ఈ నెలాఖరున సీనియర్ పర్యవేక్షకుల హోదాలో పదవీ విరమణ చేయుచున్నారు. పదవి ఆయనది, పెదవి నాది. ఆయన పెదవి మొదటి నుంచీ విరమణలోనే ఉన్నందువల్ల, ఆయనను గురించి నాలుగు మాటలు చెప్పే భాగ్యం ఫిర్యాదుల విభాగంలో కూర్చుని నలభై మాటలకు తక్కువ ఏదీ చెప్పలేని నాకు దక్కింది.

సర్వీసు పుస్తకంలో ఆయనకు ఒక పేరు ఉన్నది. దానితో పని పడేది హాజరు పట్టీకి మాత్రమే. తక్కిన లోకానికి ఆయన జతల మాస్టారు. ప్రతి ఇంటి ఫోనుకూ రెండు సన్నని రాగి తీగలు ఒక జతగా వెళతాయి. అటువంటి జతలు వందల సంఖ్యలో నేల కింది కేబుల్లో నడిచి వచ్చి, వీధి మూలనున్న ఇనుప డబ్బాలో తేలి, అక్కడి నుంచి ఇళ్లకు చీలిపోతాయి. ఆ జతలను కలపడం, విడదీయడం, తడిసినవాటిని మార్చడం మాస్టారి వృత్తి. ముప్పై ఆరేళ్లు ఊరంతా లైన్లు వేసి, కట్టుకున్న ఇల్లాలి చేత ఒక్క మాట పడని ఏకైక పురుషుడిగా ఆయనను మేము గౌరవిస్తాము. నిత్యం డబ్బా దగ్గరే ఉండి ఒక్కనాడూ డబ్బా కొట్టుకోలేదు. రాగితోనే బతికి ఏనాడూ రాగాలు తీయలేదు.

తొలి పదేళ్లు ఆయన కేబుల్ గుంతలలో గడిపారు. మోకాళ్ల లోతు బురదలో కూర్చుని, కేబుల్లోని జిగురును గుడ్డపేలికతో తుడిచి, రంగులను బట్టి జతలు కలుపుతూ, తన వేళ్ల వల్ల తన భోజనం కూడా జిగురు వాసన వేసే స్థితికి చేరుకున్నారు. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో వీధి డబ్బాల బాధ్యత ఆయనకు అప్పగించబడినది. అప్పటి నుంచి ఆయన రెండు నియమాలు పెట్టుకున్నారు. ఏ జతనైనా విప్పే ముందు టెస్టు ఫోను తగిలించి, లోపల ఎవరైనా మాట్లాడుతున్నారేమో వినేవారు. మాట వినబడితే చేతులు కట్టుకుని నిలబడేవారు. అవతలివారు పెట్టేసే వరకు కదిలేవారు కాదు. వారు మా ఆవిడ, ఆమె అక్కగారు అయిన రోజున ఆయన ఎండలో యాభై నిమిషాలు నిలబడ్డారు. రెండవ నియమం, ఏ జతను ఏ ఇంటికి మార్చినా డబ్బా తలుపుకు వేలాడదీసిన పుస్తకంలో ఆ రోజే రాసిపెట్టడం. ఇతరులు రాసిన పద్దును ఆయన రెండుసార్లు సరిచూసేవారు. తాను రాసినదానిని చూడవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ తోచలేదు. ఎందుకు తోచాలి? ఆ అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉండేవి.

ఇక రెండు వేల పద్నాలుగవ సంవత్సరానికి రావలసి ఉన్నది. సన్మాన సంచికలలో సాధారణంగా విజయాలు రాస్తారు. నేను ఒక పొరపాటును రాస్తున్నాను. మాస్టారి అనుమతి అడిగాను. "జరిగిందేగా, రాయండి. కానీ మీ చమత్కారాలు తగ్గించండి" అన్నారు. మొదటి సగం పాటిస్తాను.

మా పరిధి చివరి వీధిలో ఒక ఇల్లు. ఆ ఇంటి కోడలు వినికిడి లేనివారికి సైగల భాషలో దుబాసీ. ఆసుపత్రిలో డాక్టరు చెప్పేది, బ్యాంకులో అధికారి చెప్పేది ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని విని, వీడియోలో చేతులతో చెప్పడం ఆమె ఉద్యోగం. చేతులు ఆగితే ఆ భాషలో మాట ఆగిపోయినట్టే. ఆమె నెట్టు నిమిషానికొకసారి ఆగేది. ఎందుకనగా వారి ఫోను లైను నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోని పాత ఎక్స్చేంజి నుంచి వచ్చేది. రాగి తీగ పొడుగైన కొద్దీ వేగం సన్నగిల్లుతుంది. చోద్యమేమిటంటే, కొత్త ఎక్స్చేంజి వారి ఇంటి వెనుక వీధిలోనే వెలసింది. వేగం లేక ఆమె వేగిపోతుండగా, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు లైను పరీక్షిస్తామని, వేగం చాలకపోతే వేరొకరిని తీసుకుంటామని ఆమె సంస్థ తేల్చి చెప్పింది. ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే.

లైనును పాత ఎక్స్చేంజి నుంచి కొత్తదానికి మార్చడానికి మాస్టారు, నేను వెళ్లాము. అత్తగారు గుమ్మంలోనే అడ్డుకున్నారు.

"నెంబరు మారుతుందట గదా! ఇరవై రెండేళ్ల నెంబరు. మా చెల్లెళ్లు ముగ్గురికీ నోటికొచ్చు."

"కొత్తది కూడా నోటికొస్తుందమ్మా" అన్నారు మాస్టారు.

"ఎవరికి? మా నడిపిదానికా? దానికి వాళ్లాయన పుట్టినరోజే నోటికి రాదు."

"అత్తయ్యా, ఉద్యోగం పోతే ఆ ఫోను బిల్లు కూడా కట్టలేం" అన్నది కోడలు.

అత్తగారు గుమ్మం నుంచి పక్కకు జరిగి, "అయితే ఆ కొత్త నెంబరు కాగితం మీద రాసివ్వు నాయనా. ముగ్గురికీ ఇప్పుడే చెప్పాలి" అన్నారు.

శుక్రవారం ఉదయం పాత ఎక్స్చేంజిలో ఆమె లైను మూసివేయబడినది. సాయంకాలం చినుకుల్లో మాస్టారు డబ్బా తెరిచి, పుస్తకంలో ఆమె ఇంటికి ఎదురుగా రాసి ఉన్న నలభై ఒకటో జతను కొత్త ఎక్స్చేంజికి కలిపారు. కొత్త నంబరుకు ఫోను చేశారు. మోగింది. తృప్తిగా తలుపు మూసి తాళం వేశారు.

శనివారం మధ్యాహ్నం నా బల్ల మీద ఫోను మోగింది. పక్కింటి టైలరు.

"ఏమండీ, నా ఫోనుకు ఏం చేశారు? పొద్దున్నుంచి ముగ్గురు ఆడవాళ్లు వరసపెట్టి ఫోను చేసి 'అక్కా' అంటున్నారు. నేను అక్కను కానండీ అంటే, జలుబు చేసిందా అంటున్నారు! చిన్నావిడైతే కషాయం ఎలా కాయాలో కూడా చెప్పింది."

నవ్వి ఫోను పెట్టానో లేదో, రెండో ఫోను. ఈసారి కోడలు. "అన్నయ్యా, ఆగి ఆగి వచ్చే నెట్టైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఫోనులో చప్పుడే లేదు, సెల్లులో మాట్లాడుతున్నాను. ఎల్లుండి తొమ్మిదింటికి పరీక్ష. నన్నేం చేయమంటారు?" ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉన్నది. అరిచేవారికి జవాబు చెప్పడంలో నాకు పాతికేళ్ల అనుభవం. ఆ నెమ్మది విని కుర్చీలో నుంచి లేచి నేరుగా మాస్టారి దగ్గరకు నడిచాను.

మాస్టారితో చెప్పాను. ఆయన డబ్బా దగ్గరకు వెళ్లి, పుస్తకం తీసి, నలభై ఒకటో వరుస మీద వేలు పెట్టి చూశారు. అది ఆయన దస్తూరీయే. "తొంభై తొమ్మిది వానాకాలంలో ఇక్కడ జతలు తడిశాయి. ఒకే రోజు కొన్ని మార్చాను. పుస్తకం కూడా తడిసింది. మర్నాడు జ్ఞాపకాన్నిబట్టి రాశాను. వేరేవాళ్లు రాసుంటే ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్లి చూసుకుని కలిపేవాణ్ణి. నా రాతే కదా అని వెళ్లలేదు" అన్నారు. నలభై ఒకటి టైలరుది. టైలరుకు ఎదురుగా రాసిన జత ఖాళీది. కోడలి జత ఆ డబ్బాలోని రెండు వందలలో ఏదో, ఆ పుస్తకం ఇక చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా తీగలు ఒకదాని మీద ఒకటి అల్లుకుపోయిన ఆ డబ్బాలో కంటితో వెదికే మార్గమూ లేదు. ముందు టైలరు లైనును సరిచేసేసరికి చీకటి పడినది.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మాస్టారు మా ఇంటికి వచ్చారు. "ఆ కోడలుగారి ఇంట్లో కూర్చుని ఒకరు టెస్టు ఫోనులో ఆపకుండా మాట్లాడాలి. నేను డబ్బా దగ్గర ఒక్కో జతా వింటాను. ఆపకుండా మాట్లాడే మనిషి కావాలి. మీరే గుర్తొచ్చారు" అన్నారు. నా సర్వీసు మొత్తంలో నాకు లభించిన ఏకైక ప్రశంసాపత్రం అదే.

బ్యాటరీ టెస్టు ఫోనును వారి గోడ మీది తీగలకు తగిలించి కూర్చున్నాను. వాతావరణం చెప్పాను. మా ఆఫీసులో ఎవరెవరికి ఎంత బట్టతల వచ్చిందో చెప్పాను. నా చమత్కారాలన్నీ రెండుసార్లు చెప్పాను. తీగకు ఆ చివర ఒక్క నవ్వు లేదు. అలవాటే గనుక సాగిపోయాను. అక్కడ మాస్టారు ఒక్కో జతకూ ఫోను తగిలిస్తున్నారు. ఎవరైనా మాట్లాడుతుంటే, అంత తొందరలోనూ, తప్పుకుని తరువాతి జతకు వెళ్లి, మళ్లీ వెనక్కు వస్తున్నారు. పదకొండైంది. ఒంటిగంటైంది. కోడలు కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, ఆ చేతులనే చూస్తున్నది. రెండింటికి నా గొంతు బొంగురుపోయి మంచినీళ్లకు లేచాను. అత్తగారు ఫోను అందుకున్నారు.

"పొద్దుననగా పోయాడు మహానుభావుడు! ఆ డబ్బాలో నిద్దరోయాడో ఏమో. ఈ పిల్ల అన్నం ముట్టలేదు. రేపు దీని ఉద్యోగం పోతే వచ్చి చూస్తాడా? అసలు ఈ మనిషికి చెవులున్నాయా?"

"ఉన్నాయమ్మా. ఇప్పుడే వినబడింది" అన్నది ఫోను.

అత్తగారు ఫోనును ఒళ్లో పడేసుకున్నారు. నూట అరవై మూడో జత. కోడలు కుర్చీలో నుంచి లేచి గోడ పట్టుకుని నిలబడింది. "సరే, ఇప్పుడు ఆయనకీ ఒక ముద్ద పెడదాం, పిలవండి" అన్నారు అత్తగారు. ఆయన వెంటనే రాలేదు. మొదట జతను కొత్త ఎక్స్చేంజికి కలిపి, నంబరు తిప్పి ఊరుకోక, ఈసారి గుమ్మం దాకా నడిచి వచ్చి, ఆ ఇంటి ఫోనే మోగడం చెవులారా విని, కంప్యూటరులో వేగం పద్దెనిమిది మెగాబిట్లకు చేరడం కళ్లారా చూసి, అప్పుడు చేతులు కడుక్కున్నారు.

సోమవారం తొమ్మిదింటికి లైను పరీక్ష నెగ్గింది. తొమ్మిదీ ఇరవైకి ఆమెకు వచ్చిన మొదటి పని, వినికిడి లేని ఒక తల్లికి బిడ్డ జ్వరం గురించి డాక్టరు చెప్పే మాటలు అందించడం. ఒక్కసారి కూడా చేతులు ఆగలేదట.

మా ఇంజినీరుగారు మాస్టారిని గదిలోకి పిలిచారు. నేను అక్కడే ఉన్నాను. "కేబుల్లో తేమ అని రాసేద్దాం మాస్టారూ. ఈ నెలలోనే పర్యవేక్షకుల జాబితా వెళ్తోంది. మీ పేరు పైనే ఉంది."

"తేమ కేబుల్లో లేదు సార్. నా పుస్తకంలో ఉంది" అని, లోపాల రిజిస్టరు దగ్గరకు జరుపుకొని తానే రాశారు: 'కారణం: నా చేతిరాతను నేను సరిచూసుకోకపోవుట.' ఆ ఒక్క వాక్యం వల్ల ఆయన పదోన్నతి పద్దెనిమిది నెలలు వెనక్కు పోయింది. ఆ వారమంతా ఆయన ఆ డబ్బాలోని రెండు వందల జతలనూ ఒక్కో ఇంటికీ నడిచి సరిచూసి, మరి నాలుగు తప్పులు కనిపెట్టి దిద్దారు. ఆ నాలుగిళ్లవారికి తమ లైను తప్పుగా రాసి ఉన్నదని గాని, దిద్దబడినదని గాని నేటికీ తెలియదు. ఎవరి పద్దును వారు గాక మరొకరు సరిచూడవలెనన్న మా ఆఫీసు నియమం ఆ నెలలో పుట్టినదే.

రెండు వేల పదహారులో పర్యవేక్షకులై, రాగి పోయి ఫైబరు గాజు తీగల కాలం వచ్చాక యాభై దాటిన వయసులో ఆ విద్యను మొదటి నుంచి నేర్చుకొని, తమకంటే చిన్నవారిని 'సార్' అని పిలిచి సందేహాలు అడిగిన వినయశీలి ఆయన. ఇంటి వద్ద ఆయన సహధర్మచారిణి అభిప్రాయం మాత్రం వేరు: "ఊరందరి ఇళ్లలో గంటలు మోగించారు. మా ఇంటి కాలింగ్ బెల్లు ఆరు నెలలుగా మోగదు. అడిగితే, తలుపు కొట్టమను అంటారు." ఆ మరమ్మతుకు ఇకనైనా తీరిక దొరకగలదని వారి కుమార్తె ఆశిస్తున్నది. నాకు నమ్మకం లేదు.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు ఆ కోడలుగారికి ఫోను చేసి, మాస్టారి సన్మాన సభకు రాగలరా అని అడిగాను. ఇప్పుడు ఆమె కింద తొమ్మిదిమంది దుబాసీలు పనిచేస్తున్నారు. తీరికలేని మనిషి, ఏదో ఒక మాట చెప్పి తప్పుకుంటారేమో అనుకున్నాను. "ఆ రోజుకు నెల కిందటే సెలవు పెట్టుకున్నానన్నయ్యా. సెలవు పెట్టుకోవడానికి నాకొక ఉద్యోగమంటూ ఉంది గదా" అన్నారు.

మా మాస్టారి కళ్లకు చూపు, కాళ్లకు నడక, రాత్రికి నిద్ర, పగటికి ఏదో ఒక పని, పక్కన ఆయన ఇల్లాలు, ఎదుట ఆయన కుమార్తె చల్లగా ఉండుగాక. రిజిస్టర్లు, జాబితాలు, వానాకాలపు పిలుపులు లేని ఉదయాలు ఆయనకు వేలకు వేలుగా లభించుగాక. ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు ఆయన మా మధ్య మసలవలెనని, మేము పొరపాటు చేసిన రోజున దానిని మా చేతితో మేమే రాయగల ధైర్యం ఆయనను చూసి మాకు అబ్బవలెనని, కార్యాలయ సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను.